గోడ కడితే ఒడ్డు తిరిగొస్తుందా? గంజాం తీరంలో అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాలపురం నుంచి ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దాకా ఏ మత్స్యకార పల్లెలో సభ పెట్టినా సముద్రపు కోత గురించి చివరికి అడిగేది ఒక్కటే: "గోడ ఎప్పుడు కడతారు?" పొదంపేటలో ఇళ్ళు కెరటాల్లో కలిసిపోవడం కళ్ళారా చూసినవాళ్ళు ఆ మాట అడగడంలో తప్పు లేదు. అమావాస్య పోటు హోరు వింటూ పిల్లల్ని దగ్గరికి పొదువుకుని పడుకునే తల్లి భయం నిజమైనది. కానీ గోడ మీద పెట్టుకున్న ఆశలో ఒక పొరపాటుంది. ఊరికి ఎక్కువ నష్టం తెచ్చేది అదే.

అపోహ: గోడ కడితే ఒడ్డు నిలుస్తుంది, ఇసుక మళ్ళీ పేరుకుంటుంది.

వాస్తవం: గోడ కాపాడేది తన వెనకున్న నేలను. ముందున్న ఇసుకను కాదు.

మన తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి రుతుపవనాల కెరటాలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి వస్తుంది గానీ ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఊరి ముందు ఒడ్డు ఏటేటా కోసుకుపోతోందంటే, దక్షిణం నుంచి వచ్చే ఇసుక కన్నా ఉత్తరానికి వెళ్ళేది ఎక్కువన్నమాట. దక్షిణాన బ్రేక్‌వాటర్ (హార్బర్ కోసం సముద్రంలోకి కట్టే రాళ్ళ గట్టు) అడ్డం పడినా, ఏటి మొగ జరిగినా, ఆనకట్టల వల్ల నది తెచ్చే ఇసుక తగ్గినా జరిగేది ఇదే. ఈ లెక్కలో గోడ ఒక్క తట్ట ఇసుక కూడా కలపదు. పైగా తిన్నె కోతపడినప్పుడు అందులోని ఇసుక ఒడ్డుకే దక్కేది; గోడ వచ్చాక అదీ ఆగిపోతుంది. కెరటం గోడను కొట్టి వెనక్కి మళ్ళుతూ పాదం దగ్గర తవ్వుతుంది. ఆ గుంత లోతు సుమారుగా గోడను తాకే కెరటం ఎత్తంత ఉండొచ్చు. నిలువు కాంక్రీటు గోడకు ఈ బెడద ఎక్కువ; వాలుగా పేర్చిన రాళ్ళు కెరటం ఊపును కొంత మింగుతాయి.

పుదుచ్చేరిలో 1989లో హార్బర్ బ్రేక్‌వాటర్లు వచ్చాక ఉత్తరాన పట్నం ముందున్న ఇసుక పోయింది. రాళ్ళ గోడ బీచ్ రోడ్డును కాపాడింది, ఇసుకను తేలేదు. సచివాలయం ఎదుట నీటి అడుగున రీఫ్ (కెరటం ఊపును తగ్గించే గట్టు) కట్టాకే కొంత బీచ్ కనబడింది. విశాఖలో బ్రేక్‌వాటర్‌కు దక్షిణాన చిక్కుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి రామకృష్ణా బీచ్ వైపు పోస్తుంటారు. ఒకసారి పోసి ఊరుకుంటే చాలదు, మళ్ళీ మళ్ళీ పోయాల్సిందే.

ఇసుక పోతే పడవ ఎక్కడికి లాగుతారు? పెద్దవల ఎక్కడ గుంజుతారు? నెత్తళ్ళు ఎక్కడ ఎండబెడతారు? బండల మీదికి ఫైబర్ బోటు ఎక్కదు. ఋషికుల్య దగ్గర గుడ్లు పెట్టే తాబేలూ ఎక్కలేదు. అందుకే గోడ ప్లాను చూపించినప్పుడు బోట్ల దారి ఎక్కడ వదిలారో, పాదం ఎంత లోతుకు దించారో, ఉత్తరపు కొస దగ్గర ఏం చేస్తున్నారో ముందే అడగండి. కోత ఆ కొస పక్కకు జరిగి ఉత్తరాన ఉన్న ఊరి మీద పడుతుంది. కొసను నేలలోపలికి వంచి కట్టకపోతే నీరు చుట్టూ తిరిగి గోడ వెనకనే తవ్వుతుంది.

అపోహ: లారీల్లో బండరాళ్ళు తెచ్చి పోస్తే చాలు.

వాస్తవం: ఊరికే పోసిన రాళ్ళు రెండు మూడు వానాకాలాల్లో ఇసుకలో కూరుకుపోతాయి. "రాళ్ళను సముద్రం మింగేసింది" అంటారు. అసలు కారణం, రాళ్ళ సందుల్లోంచి కింది ఇసుక నీటితో పాటు జారిపోవడం. అడుగున జియోటెక్స్‌టైల్ అనే, నీటిని వదిలి ఇసుకను పట్టి ఉంచే గుడ్డ పరిచి, దాని మీద చిన్న రాళ్ళు, ఆపైన పై రాయి బరువులో పదో వంతు ఉండే రాళ్ళు, అన్నిటికీ పైన పెద్ద రాళ్ళు రెండు వరుసలు పేర్చాలి. గుడ్డ అంచులు ఒకదాని మీదికి మరొకటి ఎక్కాలి, చిరగకూడదు.

పై రాయి బరువు కెరటాన్ని బట్టి ఉంటుంది. 1:2 వాలులో (మీటరు ఎత్తుకు రెండు మీటర్లు పక్కకు) 2 మీటర్ల కెరటానికి సుమారు 1.3 టన్నుల గ్రానైట్ రాయి కావాలి. కెరటం 3 మీటర్లయితే 4.5 టన్నులు. కెరటం ఒకటిన్నర రెట్లయితే రాయి మూడు రెట్లు దాటుతుంది, కాబట్టి "కాస్త చిన్నవైనా ఫరవాలేదు" అన్న మాట ఒప్పుకోవద్దు. మన చుట్టుపక్కల కొండల్లో దొరికే ఖోండలైట్ అనే రాయి చవక గానీ ఎండకూ ఉప్పునీటికీ త్వరగా పొడిబారుతుంది. పై వరుసకు చార్నొకైట్ అనే గట్టి రాయి గానీ గ్రానైట్ గానీ ఉండాలి.

అపోహ: జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టం) వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: కేంద్రాపడా జిల్లా పెంఠలో 505 మీటర్ల జియోట్యూబ్ గట్టు కట్టారు; ట్యూబుల మీద రాళ్ళు నింపిన గేబియన్లు (వల పెట్టెలు) కప్పారు. కప్పకుండా వదిలేస్తే ఎండకు గుడ్డ పెళుసవుతుంది, లంగరు తగిలినా కత్తి తగిలినా చిరుగుతుంది. ఒక్క చిరుగు చాలు, లోపలి ఇసుకంతా కారిపోతుంది.

అపోహ: సరుగుడు తోట ఉంటే కోత ఆగుతుంది.

వాస్తవం: అది గాలిని ఆపుతుంది, కెరటాన్ని కాదు. వేళ్ళ కింద ఇసుక పోయాక చెట్టే పడుతుంది. మొగలి పొదలు, ఇసుక మీద పాకే తీగలు తిన్నెను బాగా పట్టుకుంటాయి. పునాదులకని ఆ తిన్నెనే ట్రాక్టర్లతో తోలుకుపోవడం మాత్రం తక్షణం మానాలి.

అపోహ: గోడ ఉంటే తుపానుకు ఇల్లు వదలక్కర్లేదు.

వాస్తవం: వదలాలి. కోత ఆపడానికి కట్టిన గోడను ఉప్పెన దాటేస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాలపురం దగ్గరే.

ఇక వాట్సాప్‌లో తిరిగే "వచ్చే పున్నమికి ఊరు మునుగుతుంది" అన్న కబుర్లు. దయచేసి వాటిని పంపకండి, ముసలివాళ్ళకు నిద్ర ఉండటం లేదు. వానాకాలంలో ఒడ్డు వెనక్కి జరగడం ఏటా ఉండేదే. ఆ ఇసుకలో చాలా భాగం జనవరి నుంచి మార్చి లోపు తిరిగొస్తుంది. నిజంగా ఒడ్డు పోతోందో లేదో తెలియాలంటే గుడి మూల నుంచో కరెంటు స్తంభం నుంచో పోటు నీరు వదిలిన చెత్త గీత దాకా టేపుతో కొలవండి. ప్రతి నెలా అమావాస్య మర్నాడు, అదే చోటు నుంచి కొలిచి తేదీతో రాసి పెట్టండి. ఈ మార్చి కొలతను వచ్చే మార్చితోనే పోల్చాలి, ఆగస్టుతో కాదు. మూడేళ్ళ మార్చి కొలతలు వరసగా తగ్గుతుంటే ఆ కాగితం పట్టుకుని ఛత్రపురం కలెక్టరాఫీసుకు వెళ్ళండి. దక్షిణం పక్క ఊరివాళ్ళనూ, ఉత్తరం పక్క ఊరివాళ్ళనూ వెంటబెట్టుకుని వెళ్ళండి.