ఒళ్లునొప్పులకు రెస్టే మందా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా పని మొదలుపెట్టిన కొత్తలో, మిరపకాయలకు ముచ్చికలు తీసే ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. మెడ, భుజాలు, వీపు పైభాగం రెండేళ్లుగా నొప్పి. నేను మహా ఉత్సాహంగా పన్నెండు వ్యాయామాలు బొమ్మలతో సహా కాగితం మీద వేసిచ్చాను. ఒక్కోటి ఇరవైసార్లు, రోజుకు రెండు పూటలా. ఆవిడ మళ్లీ రాలేదు. మూడు నెలల తర్వాత రైతుబజార్లో కనపడితే పలకరించాను. "మొదటిరోజు అన్నీ చేశాను డాక్టరమ్మా. తెల్లారి చెయ్యి పైకి లేవలేదు. రెండ్రోజుల కూలి పోయింది" అంది.

తప్పు ఆవిడది కాదు, నాది. మందు సరైనదే ఇచ్చి, మోతాదు తప్పుగా చెప్పి పంపించాను. పాతబడిన కండరాల నొప్పికి కదలికే మందు అన్నది నిజం. ఎంత కదలాలన్నది సరిగ్గా చెప్పకపోతే ఆ నిజం వల్ల ఉపయోగం లేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో రోజూ వినే మాటలు కొన్ని, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నొప్పి పుడుతోందంటే లోపల ఏదో దెబ్బతింటోంది. కదలకూడదు.

కాలు మడతపడి వాచినప్పుడు ఈ మాట చాలావరకు నిజమే. కొత్త గాయం దగ్గర నొప్పి కాపలా కాస్తుంది. మూడు నెలలు దాటిన నొప్పి సంగతి వేరు. వైద్యంలో దీన్నే దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి గాయం మానిపోయి ఉండొచ్చు, అసలు మొదట్లోనే పెద్ద గాయమేమీ లేకపోయి ఉండొచ్చు. అయినా వెన్నుపాములో, మెదడులో నొప్పిని మోసుకెళ్లే వ్యవస్థ ఉలిక్కిపడటం మానదు. గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయని నొప్పి మీద పరిశోధించే శాస్త్రవేత్త క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. వీధికుక్క ఒకసారి దొంగను చూసిందనుకోండి, ఆ తర్వాత రోజూ వచ్చే పాలవాణ్ణి చూసినా మొరుగుతుంది. మొరుగుడు నిజం, దొంగ మాత్రం లేడు. పాత నొప్పి చాలామందిలో ఇలాగే ఉంటుంది.

ఈ స్థితిలో మంచమెక్కితే ఏమవుతుంది? కండరం బలం తగ్గుతుంది. నిన్నటిదాకా తేలిగ్గా ఎక్కిన మెట్లే బరువనిపిస్తాయి. కొద్దిపాటి పనికే నొప్పి, దాంతో భయం, దాంతో ఇంకాస్త రెస్టు. కొత్తగా వచ్చిన నడుంనొప్పి మీద హెల్సింకి నగర ఉద్యోగులతో చేసిన ఒక అధ్యయనం 1995లో వచ్చింది. కొందరిని రెండ్రోజులు మంచం మీదే ఉండమన్నారు, కొందరికి నడుం వ్యాయామాలు ఇచ్చారు, మిగతావాళ్లను ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకోమన్నారు. అందరికంటే బాగా కోలుకున్నది ఆఖరి గుంపువాళ్లే. కొత్త నొప్పికే మంచం పట్టడం పనికిరానప్పుడు, రెండేళ్ల నొప్పికి ఏం పనికొస్తుంది?

అపోహ: పొద్దున లేచింది మొదలు పనే. నాకు వేరే వ్యాయామం దేనికి?

ఈ మాట అనేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, కూలిపనికి వెళ్లేవాళ్లు. "పని వేరు, ఎక్సర్‌సైజ్ వేరమ్మా" అని ఊరికే అనేస్తే వాళ్లకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

కానీ ముచ్చికలు తీసే పనిని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. నేలమీద కూర్చుని, మెడ వంచి, గంటల తరబడి వేళ్లు మాత్రమే ఆడతాయి. చేతుల్ని ముందుకు చాపి పట్టుకోవడానికి మెడకూ భుజాలకూ మధ్య ఉండే కండరాలు సాయంత్రం దాకా కొద్దికొద్దిగా బిగుసుకునే ఉంటాయి. పూర్తిగా వదులయ్యే క్షణం వాటికి దొరకదు. అలాగని అవి బలపడేంత బరువూ పడదు, గుండె వేగమూ పెరగదు. అలసట మొత్తం వస్తుంది, వ్యాయామం వల్ల కలిగే లాభం మాత్రం రాదు. కుట్టుమిషన్ దగ్గర కూర్చున్నవాళ్లదీ ఇదే పరిస్థితి. మాదాపూర్‌లో లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లదీ ఇదే, కాకపోతే వాళ్లకు ఏసీ ఉంటుంది. పైగా కూలిపనిలో మోతాదు మన చేతిలో ఉండదు. ఇవాళ భుజం లాగుతోంది, సగం పని చేస్తానంటే మేస్త్రీ ఒప్పుకోడు.

డెన్మార్క్‌లో 2011లో వచ్చిన ఒక అధ్యయనం నాకు బాగా ఇష్టం. మెడ, భుజం నొప్పులు తరచూ వచ్చే 198 మంది ఆఫీసు ఉద్యోగులను తీసుకుని, కొందరికి సాగే రబ్బరు ట్యూబుతో చేతులు పక్కలకు ఎత్తే వ్యాయామం రోజుకు రెండు నిమిషాలు ఇచ్చారు, మరికొందరికి పన్నెండు నిమిషాలు. వారానికి ఐదు రోజులు, పది వారాలు. వ్యాయామం ఇవ్వనివాళ్లతో పోలిస్తే రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది. రెండు నిమిషాలు చేసినవాళ్లకు కూడా! వాళ్లు ఆఫీసుల్లో కుర్చీల మీద కూర్చునేవాళ్లు, మిర్చి కూలీలు కాదు, ఆ తేడా నాకు తెలుసు. అయినా నొప్పి పుట్టే కండరాలు అవే. ఇప్పుడు నేను పన్నెండు వ్యాయామాల కాగితం ఇవ్వడం మానేశాను. ఒకటి, మహా అయితే రెండు. రబ్బరు ట్యూబు లేకపోతే అర లీటరు నీళ్ల సీసాలు చెరో చేతిలో.

అపోహ: స్కాన్‌లో అరిగిపోయిందని వచ్చింది కదా, ఇంక కదిలితే ఇంకా అరుగుతుంది.

వెన్నునొప్పి ఏమాత్రం లేనివాళ్ల స్కాన్ల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. మొత్తం 3,110 మంది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కుల అరుగుదల ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి కనపడింది. నొప్పి లేనివాళ్లండీ వీళ్లంతా. తలమీద వెంట్రుకలు నెరిసినట్టే వెన్నులోనూ వయసు కనపడుతుంది. రిపోర్టులో ఉన్న ప్రతి మాటా మీ నొప్పికి కారణం కానక్కర్లేదు.

"నరం మీద నరం ఎక్కింది" అన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. నరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు. వేలికి గట్టిగా తగిలేది బిగుసుకున్న కండరం. దాన్ని ఎవరో మోకాలితో తొక్కి దింపాల్సిన పని లేదు.

అపోహ: వ్యాయామం చేసిన మర్నాటి నొప్పి లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం వల్ల.

కాదు. శ్రమలో పెరిగిన లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ అని అందరూ అనేది దీన్నే) గంటా రెండు గంటల్లో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడో మూడోనాడో ఎక్కువయ్యే నొప్పి, అలవాటు లేని పనికి కండర పోగుల్లో పడే సూక్ష్మమైన చీలికల వల్ల, దాని వెంట వచ్చే వాపు వల్ల. తనంతట తనే పోతుంది.

అపోహ: నొప్పి పుట్టకపోతే వ్యాయామం పనిచేయనట్టే.

జిమ్ కుర్రాళ్ల మాట ఇది. వాళ్ల సంగతి వదిలేయండి. పాత నొప్పి ఉన్నవాళ్లలో దీని రూపం వేరేగా ఉంటుంది. వారమంతా మూలుగుతూ ఉండి, ఒళ్లు కాస్త తేలికపడ్డ రోజున అటకలు దులిపి, దుప్పట్లన్నీ ఉతికి, పనిలో పనిగా ఫ్యాన్లు కూడా తుడిచేస్తారు. తర్వాత నాలుగు రోజులు లేవరు. సంక్రాంతి ముందు వారం మా క్లినిక్ ఖాళీగా ఉంటుంది, కనుమ మర్నాడు కిటకిటలాడుతుంది.

నేను చెప్పే లెక్క ఇది. ఒళ్లు బాగాలేని రోజున కూడా ఎంతసేపు నడవగలరో చూసుకోండి. అది పది నిమిషాలైతే ఐదారు నిమిషాలతో మొదలుపెట్టండి. బాగున్న రోజున కూడా అంతే, అదే కష్టం. నొప్పి అస్సలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది అనుకుంటే, నడుస్తున్నప్పుడు నాలుగు వరకు వచ్చినా ఫర్వాలేదు. చూడాల్సింది మర్నాటి పొద్దుటి సంగతి. తెల్లారేసరికి నొప్పి మామూలు స్థాయికి దిగితే మోతాదు సరిపోయినట్టు, వారం తర్వాత ఒకటి రెండు నిమిషాలు పెంచండి. దిగకపోతే తగ్గించండి, ఆపొద్దు. పెద్దలకు వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది ఎప్పటికో చేరాల్సిన ఊరు, ఇవాళ్టి టికెట్టు కాదు.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్. కాబట్టి ఇదంతా మనసు కల్పించుకున్నదే.

నాకు నిజంగా కోపం తెప్పించే మాట ఇది. ఇంట్లోవాళ్లే అంటారు, ఒక్కోసారి వైద్యులూ అంటారు. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లకు ఒళ్లంతా నొప్పి, ఎంత నిద్రపోయినా తీరని అలసట, మతిమరుపు ఉంటాయి. రక్తపరీక్షల్లో, ఎక్స్‌రేల్లో ఏమీ దొరకదు. నొప్పి మాత్రం నిజం. యూరప్ రుమటాలజీ నిపుణుల సంఘం 2016లో సవరించిన సిఫార్సుల్లో ఈ జబ్బుకు బలంగా సిఫార్సు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. మందులకు కూడా అంత గట్టి మాట దక్కలేదు. అయితే మొదటి కొన్ని వారాలు నొప్పి పెరగొచ్చని ముందే చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వ్యాయామం చేస్తుండగానే నొప్పి మొద్దుబారుతుంది, వీళ్లలో చాలామందికి ఆ సౌకర్యం అప్పుడే అందదు. చెప్పకుండా మొదలుపెట్టిస్తే నా ముచ్చికలావిడలాగే మానేస్తారు.

అపోహ: పది రోజులు కరెంటు పెట్టించుకుంటే పోతుంది.

కరెంటు, కాపడం, మాలిష్ ఉపశమనం ఇస్తాయి. ఆ రెండు గంటల హాయిలో కాసేపు నడిచి వస్తే సార్థకం. అవే వైద్యం అనుకుంటే మా క్లినిక్‌కే లాభం. ఇలా రాసినందుకు తోటి ఫిజియోలు కొందరు నామీద గుర్రుగా ఉంటారు.

ఇక వ్యాయామంతో సరిపెట్టుకోకూడని నొప్పులు కొన్ని ఉన్నాయి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాలో చెయ్యో బలం తగ్గడం, మల మూత్రాల మీద పట్టు పోవడం ఉంటే ముందు డాక్టరును కలవాలి. యాభై దాటాక రెండు భుజాలూ పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోతుంటే రక్తపరీక్ష అవసరం. థైరాయిడ్ తక్కువైనా, విటమిన్ డి లోపించినా, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ల వల్లా కండరాలు నొప్పి పెట్టొచ్చు. కానీ స్టాటిన్లను మీ అంతట మీరు ఆపేయకండి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చిన్న శ్రమకే రోజుల తరబడి కుప్పకూలిపోయే దీర్ఘకాలిక అలసట జబ్బు, ఎంఈ అనేది, ఇంకొకటి ఉంది. అది ఉన్నవాళ్లకు వ్యాయామాన్ని క్రమంగా పెంచుకుంటూ పోయే పద్ధతి ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో చెప్పింది. నేను పైన రాసిన లెక్క వాళ్లకు వర్తించదు.