ఐరన్ సైట్ల మీద అపోహలు - వాస్తవాలు: గేముల్లో తుపాకులు చేసేవాడి మాట

హైదరాబాద్‌లో కూర్చుని యుద్ధం గేములకి తుపాకులు చేయడం నా పని. పేలేవి కాదులెండి, 3డీ మోడల్స్. ఇన్నేళ్ళలో చెక్క రంగు బాలేదని నన్ను తిట్టినవాళ్ళు తక్కువ, ఐరన్ సైట్ (అద్దాల్లేకుండా గురి చూడటానికి తుపాకీ మీద ముందొకటి, వెనకొకటి ఉండే ఇనుప ముక్కలు) గురించి తిట్టినవాళ్ళే ఎక్కువ. "అన్నా, ఇది రియలిస్టిక్‌గా లేదు" అని ఒకడు, "రియలిజం అంటూ ఏమీ కనపడకుండా చేశారు" అని ఇంకొకడు, తీరా చూస్తే ఇద్దరూ అంటున్నది ఒకే తుపాకీని. అందుకే రెండో ప్రపంచ యుద్ధం రైఫిళ్ళ వరకు నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: అసలు తుపాకీ కొలతలు అచ్చంగా దింపేస్తే అదే రియలిజం.

మొదట్లో నేనూ అదే నమ్మాను. లీ-ఎన్‌ఫీల్డ్ చేశాను (మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన 303 అదే), మిల్లీమీటరు తేడా లేకుండా. గేమ్‌లో పెట్టి చూస్తే ముందు సైట్ ఎక్కడుందో నాకే కనపడలేదు! అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ముందు సైట్ బ్లేడ్ 2 మిల్లీమీటర్లు, కంటికి ఇంచుమించు 90 సెంటీమీటర్ల దూరం అనుకోండి. 1920 పిక్సెళ్ళ స్క్రీన్, 90 డిగ్రీల ఎఫ్‌ఓవీ (స్క్రీన్‌లో ఒకేసారి కనపడే ప్రపంచం వెడల్పు) అయితే ఆ బ్లేడ్‌కి దక్కేది రెండంటే రెండు పిక్సెళ్ళు. 200 మీటర్ల దూరంలో ఉన్న మనిషి నిలువెత్తున 8 పిక్సెళ్ళు, భుజాల దగ్గర మళ్ళీ ఆ రెండే. రెండు పిక్సెళ్ళ ఇనుముని రెండు పిక్సెళ్ళ మనిషి మీద పెట్టి గురి చూడమంటే ఎవడు చూస్తాడు? అదే దూరంలో నిజం మనిషి కాళ్ళూ చేతులూ టోపీ మీ కంటికి విడివిడిగా తెలుస్తాయి. కొలత తప్పు కాదు, కొలిచి తీసుకెళ్ళి పెట్టిన చోటు వేరు.

అపోహ: ఐరన్ సైట్‌కి జూమ్ ఇవ్వడం మోసం, దానికేం అద్దాలున్నాయా?

ఇది రాని వారం లేదు. 24 అంగుళాల మానిటర్ ముందు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే ఆ స్క్రీన్ మీ చూపులో 48 డిగ్రీలే ఆక్రమిస్తుంది. అందులోకి 90 డిగ్రీల ప్రపంచాన్ని కుక్కుతున్నాం కాబట్టి మధ్యలో ఉన్నదంతా అసలు సైజులో సగం కూడా ఉండదు. గురి పెట్టినప్పుడు ఎఫ్‌ఓవీని 45 దగ్గరికి దింపితే మనిషి తన అసలు సైజుకి వస్తాడు, అంతే. అది జూమ్ కాదు, బాకీ తీర్చడం. ఫోన్‌లో ఆడేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం, స్క్రీన్ చూపులో 30 డిగ్రీలు కూడా ఉండదు. కార్98 (జర్మన్ రైఫిల్) చేతిలో ఉండి కూడా స్కోప్ దొరికేదాకా ఇళ్ళలో దాక్కునే మీ స్క్వాడ్‌మేట్‌ని ఊరికే తిట్టకండి.

అపోహ: గరాండ్ (అమెరికన్ రైఫిల్) సైట్ చుట్టూ ఉన్న రింగు అడ్డం, కార్98 సైటే బెటర్.

గేమ్‌లో చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ అసలు తుపాకీ పట్టుకుంటే మాట తిరగబడుతుంది. కార్98 వెనక సైట్ బ్యారెల్ మీద, కంటికి దూరంగా ఉండే వి ఆకారపు గాడి. గరాండ్‌కి, లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4కి వెనక సైట్ కంటికి దగ్గరగా ఉండే చిన్న రంధ్రం. అంత దగ్గర వస్తువు మీద కన్ను ఫోకస్ చేయలేదు కాబట్టి రింగు పొగలా కరిగిపోతుంది, మీరు దాంట్లోంచి చూస్తారే తప్ప దాన్ని చూడరు. పైగా రెండో కన్ను తెరిచే ఉంటే తుపాకీ వెనక దాగిన నేల కూడా కొంత కనపడుతుంది. గేమ్ కెమెరాకి ఉన్నది ఒక్క కన్ను, అదీ అన్నిటినీ ఒకే పదునుతో చూసే కన్ను. అందుకే రింగుని పలచగా చేస్తాం, అంచులు మసక చేస్తాం. ఒక క్లయింట్ "బ్లర్ తీసెయ్యండి, టెక్స్‌చర్‌కి డబ్బులిచ్చాం, కనపడాలి కదా" అన్నాడు. తీసేశాం. రింగు మీద గీతలు బ్రహ్మాండంగా కనపడ్డాయి, శత్రువు కనపడలేదు.

అపోహ: క్రాస్‌హెయిర్ (స్క్రీన్ మధ్యలో గురి చూపించే గుర్తు) తీసేస్తే చాలు, గేమ్ హార్డ్‌కోర్ అయిపోతుంది.

అసలు మోసం ఇక్కడ ఉంది, దీని గురించి ఎవడూ అడగడు. 2003లో కాల్ ఆఫ్ డ్యూటీ వచ్చాక ఐరన్ సైట్‌తో గురి చూడటం అందరికీ అలవాటైంది, 2006లో రెడ్ ఆర్కెస్ట్రా అసలు క్రాస్‌హెయిరే లేకుండా వచ్చింది. బానే ఉంది. కానీ దాదాపు ప్రతి గేమ్‌లోనూ కుడి బటన్ నొక్కగానే కన్ను, వెనక సైట్, ముందు సైట్ ఒకే గీత మీదకి వచ్చి కూర్చుంటాయి. ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ పట్టినవాళ్ళని అడగండి, ఆ మూడింటిని ఒక గీత మీదకి తేవడమే సగం ట్రైనింగ్. కార్98లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు అర మీటరు. ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 100 మీటర్ల దగ్గర గుండు 20 సెంటీమీటర్లు తప్పుతుంది, అంటే గుండె మీద పెట్టింది చేతికి తగులుతుంది. గేమ్‌లో తుపాకీ ఎంత ఊగినా సైట్లు రెండూ కలిసే ఊగుతాయి, వాటి మధ్య గీత చెదరదు. మౌస్ మీద ఆ అలైన్‌మెంట్ కూడా ఆటగాడితోనే చేయిస్తే ఎలా ఉంటుందో ఆఫీసులో ఒకసారి ప్రయత్నించాం. పది నిమిషాల్లో అందరూ లంచ్‌కి వెళ్ళిపోయారు.

అపోహ: సైట్ మీద 2000 అని రాసుంది, మరి గేమ్‌లో అంత దూరం ఎందుకు తగలదు?

కార్98, మోసిన్ (రష్యన్ రైఫిల్) రెండిటి మీదా 2000 మీటర్ల దాకా అంకెలుంటాయి. అది ఒక్క మనిషిని కొట్టడానికి కాదు, మొత్తం దళం ఒకేసారి ఒక ప్రాంతం మీదికి కాల్చే పాత కాలపు పద్ధతి తాలూకు గుర్తు. లీ-ఎన్‌ఫీల్డ్‌కి ఇందుకోసం పక్కన వేరే సైటే ఉండేది, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో ఖర్చు దండగని తీసేశారు. మేం మాత్రం ఆ అంకెలు జాగ్రత్తగా చెక్కుతాం, మీరు స్క్రీన్‌షాట్ తీసి తప్పు పట్టుకుంటారని.

ఇంకొక్కటి. సైట్ కనపడటం లేదని కంప్లైంట్ పెట్టేటప్పుడు మీ ఎఫ్‌ఓవీ ఎంతో, స్క్రీన్ ఎన్ని అంగుళాలో కూడా రాయండి. మొన్న ఒకాయన 110 పెట్టుకుని సోఫాలోంచి టీవీలో ఆడుతూ నాకు మూడు పేజీల మెయిల్ కొట్టాడు.