పాత సామాను ఆన్‌లైన్‌లో అమ్మితే మిగిలేదెంత? అపోహలు - వాస్తవాలు

బేరం ఒడియాలో ఆడి, లెక్క తెలుగులో రాసుకునే ఊరు మాది, ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. వాడిన ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, మిక్సీలు కొని, బాగుచేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఈ పనిలోకి దిగుదామని వచ్చే కుర్రాళ్ల దగ్గర పదే పదే వినే మాటలివి.

అపోహ: "తొమ్మిది వేలకు కొని పదమూడున్నర వేలకు అమ్మాను. నాలుగున్నర వేలు లాభం."

వాస్తవం: సరిగ్గా ఇవే అంకెలున్న పేజీ నా నోటుబుక్కులో ఉంది. గుణుపురంలో చదువు ముగించుకున్న ఇంజినీరింగ్ కుర్రాడి దగ్గర ల్యాప్‌టాప్ 9,000కు కొన్నాను. రైలు ఛార్జీ, టిఫిన్ 90. కొత్త బ్యాటరీ 1,400. భువనేశ్వర్‌లో ఒకరు 13,500కు తీసుకున్నారు. సైట్ కమీషన్ 8 శాతం, అంటే 1,080. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, 194. కొరియర్ 420, ప్యాకింగ్ 110. అన్నీ కలిపితే ఖర్చు 12,294. చేతిలో మిగిలింది 1,206. వెళ్లి రావడం, శుభ్రం చేయడం, ఫొటోలు తీయడం, కొనేవాళ్ల ప్రశ్నలకు జవాబులివ్వడం, అంతా కలిపి దాదాపు ఒక రోజు పని. ఆ రోజు కూలి ఈ 1,206లోనే ఉంది.

రిటర్నులు కూడా ఉంటాయి. పదింటిలో ఒకటి వెనక్కి వస్తుందనుకోండి. రానుపోను కొరియరు, పాడైన ప్యాకింగు కలిపి 950 పోతుంది. ఆ నష్టాన్ని పదింటికీ పంచి, ఒక్కోదాని మీద 95 ముందే తీసి పక్కన పెట్టాలి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. రిటర్ను వచ్చిన రోజు దాన్ని దురదృష్టం కింద వదిలేస్తారు, ఖర్చు కింద రాయరు.

అపోహ: కొరియర్‌కు బరువును బట్టే డబ్బు.

వాస్తవం: బరువు, పెట్టె సైజు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కొరియర్లు 5,000తో భాగిస్తాయి. నేను మొదటిసారి పంపిన మిక్సీ నాలుగున్నర కిలోలు. జార్లకు దెబ్బ తగలకూడదని 45, 30, 30 కొలతల పెట్టెలో పెట్టాను. లెక్క 8.1 కిలోలకు వచ్చింది. ఆ మిక్సీ మీద నాకేమీ మిగల్లేదు. ఇప్పుడు జార్లు విడిగా చుట్టి, పెట్టె కొలిచాకే ధర పెడతాను.

అపోహ: 4,000కు కొని 5,000కు అమ్మితే 25 శాతం మిగిలినట్టే.

వాస్తవం: కొన్నదాని మీద 25, అమ్మినదాని మీద 20. కమీషన్ కోసేది అమ్మిన ధర మీద కాబట్టి ఆ 20నే గుర్తుపెట్టుకోండి.

అపోహ: ఒక్కోదాని మీద ఎక్కువ మిగిలితేనే మంచి వ్యాపారం.

వాస్తవం: 1,500 మిగులుతుందని మూడు నెలలు బీరువాలో ఉంచిన ఫోన్ కంటే, 400కే వారంలో వెళ్లిపోయిన ఫోన్ మేలు. అదే డబ్బును రెండు వారాలకోసారి తిప్పినా పన్నెండు వారాల్లో 2,400. పైగా కొత్త మోడల్ వచ్చిందంటే బీరువాలోని ఫోన్ ధర పడిపోతుంది. నెల దాటిన సరుకుకు నేను ధర తగ్గిస్తాను. కొన్న ధర కంటే తక్కువకు అమ్మడానికి మనసొప్పదు, నాకూ బాధే. కానీ డబ్బు ఇరుక్కుపోతే వచ్చే మంచి బేరం చేజారుతుంది.

అపోహ: పాత సామానుకు జీఎస్టీ ఏమిటి, ఏడాది అమ్మకాలు నలభై లక్షలు దాటితే కదా!

వాస్తవం: సరిహద్దులో ఉన్న మనం అందరికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఈ విషయంలోనే. మాకు ఆంధ్రాలోని పాతపట్నం పక్క ఊరు, చట్టానికి మాత్రం పక్క రాష్ట్రం. పన్ను ఉన్న సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నలభై లక్షల పరిమితి ఒడిశాలోపలి అమ్మకాలకే. ఊరట ఏమిటంటే, జీఎస్టీ రూల్స్‌లో 32(5) ప్రకారం, పాత సరుకు కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనేటప్పుడు కట్టిన పన్నును మనం కట్టే పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కట్టొచ్చు. కానీ ఆ తేడాలోంచి రిపేరు ఖర్చు తీసేయడానికి లేదు. పై ల్యాప్‌టాప్‌ను ఆంధ్రాకు అమ్మి ఉంటే, పన్ను లెక్కలో తేడా 4,500 గానే ఉండేది. నాకు మిగిలింది 1,206 అని అక్కడ చెప్పి లాభం లేదు. అందుకే రాష్ట్రం దాటే సరుకుకు ధర వేరుగా వేసుకోవాలి.

అపోహ: బిల్లు లేకుండా చవగ్గా వచ్చే ఫోన్లలోనే అసలు లాభం.

వాస్తవం: దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. ఫోన్ పోలీసులు తీసుకెళ్తే పెట్టుబడి మొత్తం పోయినట్టే, పది ఫోన్ల లాభం కూడా దాన్ని పూడ్చదు. కొనేముందు *#06# నొక్కి ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, చూడండి. ఇంగ్లిష్‌లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు 14422కు మెసేజ్ పెడితే ఫోన్ వివరాలు వస్తాయి. బ్లాక్ అయిందని వస్తే ఎంత చవకైనా తిప్పి పంపేయండి. అన్నీ సరిగ్గా ఉంటే అమ్మేవారి గుర్తింపు కార్డు కాపీ, ఇచ్చిన డబ్బు, తేదీ, ఐఎంఈఐ రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. ఒడియాలో రాసినా తెలుగులో రాసినా ఫర్వాలేదు, అమ్మేవారికి చదవడం వచ్చిన భాషలో ఉండాలి. పన్ను లెక్కలో కొన్న ధరకు నా దగ్గరున్న రుజువు కూడా ఆ కాగితమే.