డూమ్ ఇంజన్ చీలిక: తగవు 2025 నాటిది, కాగితం 1999 నాటిది

కడపలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి మూడు నెలలుగా గండికోట మాధవరాయ స్వామి గుడి గోపురాన్ని డూమ్ ఆటలో కడుతున్నాడు. పాత డూమ్‌లో ఒక గది మీద మరో గది కట్టడం కుదరదు. దాని పటం కాగితం మీద గీసిన ఇంటి ప్లాన్ లాంటిది. ఒక చోట ఒక నేల, ఒక పైకప్పు, అంతే. అంతస్తుల గోపురం అందులో నిలబడదు కనుక, అంతస్తులకు వీలిచ్చే జీజెడ్‌డూమ్ అనే ఇంజన్‌ను, అంటే ఆటను నడిపే కోడ్‌ను, అతను ఎంచుకున్నాడు. ఆ ఇంజన్ 2025 అక్టోబరులో రెండుగా చీలింది. దానికి కోడ్ రాసేవాళ్లలో పలువురు బయటికి వచ్చి, అదే కోడ్‌తో యూజెడ్‌డూమ్ అనే వేరు కాపురం పెట్టారు. "ప్రాజెక్టు యా ఇంజన్ మీద ఇయ్యాలన్నా?" అని ఆ అబ్బాయి మొన్న అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పబోయి, పాతికేళ్ల వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

1993 డిసెంబరు 10న ఐడి సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ఆట గురించీ, అంగారకుడి ఉపగ్రహం మీద ఒంటరి సైనికుడు తుపాకీ పట్టి చేసే రాక్షస వేట గురించీ మళ్లీ చెప్పనక్కరలేదు. మొదటి భాగాన్ని ఉచితంగా పంచిపెట్టుకొమ్మని ఆ కంపెనీయే చెప్పింది కనుక, రెండు ఫ్లాపీల్లో సరిపోయిన ఆ భాగం చేతులు మారుతూ ఊళ్లు తిరిగింది. (రెండో ఫ్లాపీ చెడిపోయి మొదటిది మాత్రమే మిగిలిన దురదృష్టవంతుల్లో ఈ రచయిత ఒకడు.) ఇక్కడ పనికొచ్చేది ఒక్క విషయమే. డూమ్‌లో ఆటను నడిపే కోడ్ వేరు, గోడలు, శబ్దాలు, రాక్షసుల బొమ్మలు ఉండే ఫైల్ వేరు. ఆ ఫైల్‌ను వ్యాడ్ అంటారు. కోడ్ ముట్టుకోకుండా వ్యాడ్ మార్చి కొత్త ఆట తయారు చేయవచ్చు. వ్యాడ్ ముట్టుకోకుండా కోడ్ మార్చి పాత ఆటను కొత్త యంత్రం మీద నడపవచ్చు. ఈ రెండో పనికి తలుపు తెరుచుకున్నది 1997లో.

ఆ ఏడాది డిసెంబరు 23న ఐడి ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ డూమ్ సోర్స్ కోడ్‌ను, అంటే మనిషి చదివి మార్చుకోగల మూల రూపాన్ని, అందరికీ విడుదల చేశాడు. దాని వెంట ఆయన రాసిన చిన్న పత్రం చదివితే నేటి తగవు విత్తనం అందులోనే కనిపిస్తుంది. అప్పట్లో జనం ఆడింది డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్; విడుదలైనది మాత్రం లైనక్స్ అనే మరో సిస్టమ్ వెర్షన్ కోడ్. కారణం, డాస్ వెర్షన్‌లో శబ్దం కోసం వాడిన లైబ్రరీ (సిద్ధంగా తెచ్చి కలుపుకునే కోడ్) వేరొకరి సొత్తు, దాన్ని బయటపెట్టే హక్కు ఐడికి లేదు. అలా పరాయి కోడ్ మీద ఆధారపడటం పొరపాటేనని కార్మాక్ ఆ పత్రంలోనే ఒప్పుకున్నాడు. ఒక్క ముక్క పరాయిది కావడం వల్ల, మిగతాదంతా సొంతదే అయినా, ఇంటి యజమాని తన ఇంటి తలుపును పూర్తిగా తెరవలేకపోయాడు.

ఈ కోడ్‌తో ఏమేం చేయవచ్చో కూడా ఆయన సూచించాడు: ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదికి తీసుకుపోవచ్చు, పైకీ కిందకీ చూసే వీలు కల్పించవచ్చు, అప్పుడే వస్తున్న త్రీడీ కార్డుల కోసం మలచవచ్చు. ఆ చివరి పని ఒక ప్రోగ్రామర్ నిజంగానే చేసి చూపాడు. జీఎల్‌డూమ్ అనే ఆ రూపం చూసి జనం ముచ్చటపడ్డారు. అయితే 1997 నాటి లైసెన్సులో లాభం కోసం వాడరాదన్న షరతు ఉందే గానీ, మార్చిన కోడ్‌ను తిరిగి అందరికీ ఇవ్వాలన్న షరతు లేదు. కాబట్టి అతను నడిచే ప్రోగ్రామును మాత్రమే పంచాడు, కోడ్ తన దగ్గరే ఉంచుకున్నాడు. ఒకరోజు అతని హార్డ్ డిస్క్ పాడైంది. పని మొత్తం పోయింది. ఎవరి తప్పూ కాదు, ఎవరూ మోసం చేయలేదు. కోడ్ ఒకే చోట ఉండటానికి ఆ లైసెన్సు కాగితం అనుమతించింది, అంతే.

డూమ్ చరిత్రలో అసలు మలుపు ఆట విడుదలైన రోజు కాదు, ఈ డిస్క్ పోయిన రోజు అని నా అభిప్రాయం. లైసెన్సు మార్చాలన్న వాదనకు ఈ నష్టం బలమిచ్చింది. 1999 అక్టోబరు 3న అదే కోడ్ జీపీఎల్ అనే లైసెన్సు కింద మళ్లీ విడుదలైంది. ఈ లైసెన్సు ప్రకారం ఎవరైనా కోడ్ తీసుకోవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాకపోతే ప్రోగ్రామును పంచేవాడు దాని కోడ్‌ను అవే షరతులతో ఇవ్వాలి. అంటే వేరు పడే హక్కు, వేరు పడినా మూటను దాచుకోకూడదన్న కట్టుబాటు, రెండూ ఒకే కాగితంలో వచ్చాయి. 2025లో విడిపోయినవాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా విడిపోగలిగింది ఈ కాగితం వల్లే.

మన జిల్లాల్లో స్థలం కొన్నవాళ్లకు లింకు డాక్యుమెంట్ల సంగతి చెప్పనక్కరలేదు. అమ్మేవాడి పేరు మీద రిజిస్ట్రేషన్ ఎంత పక్కాగా ఉన్నా, దానికి ముందు చేతుల్లో ఒక్క దస్తావేజు తెగితే, ఆ తరువాత కట్టిన మేడలన్నీ అనుమానం మీదే నిలబడతాయి. జీపీఎల్ కోడ్‌దీ అదే తీరు. డూమ్ వారసులు ఈ పాఠాన్ని చాలా కష్టపడి నేర్చుకున్నారు. డూమ్ కోడ్ నుంచి 1998లో మొదలైన జెడ్‌డూమ్ అనే ఇంజన్, దాని నుంచి 2005లో పుట్టిన జీజెడ్‌డూమ్ ఏళ్ల తరబడి కలగాపులగం లైసెన్సులతోనే నడిచాయి. వాటిలో కలిసిన, డూమ్ ఇంజన్ మీదే కట్టిన హెరెటిక్, హెక్సెన్ ఆటల కోడ్‌ను రావెన్ సంస్థ 1999లో ఇచ్చినా అది జీపీఎల్‌కు పొసగని షరతులతో ఇచ్చింది; 2008లో జీపీఎల్ కింద మళ్లీ ఇచ్చాకే ఆ లింకు అతుక్కుంది. శబ్దం కోసం వాడిన మరో లైబ్రరీ కూడా పరాయిదే (మళ్లీ శబ్దమే!). దాన్నీ, పొసగని ఇతర ముక్కలనూ తొలగించుకున్నాక, 2017 ప్రాంతంలో జీజెడ్‌డూమ్ జీపీఎల్ మూడో వెర్షన్ కిందికి రాగలిగింది. ఆటగాడి కంటికి ఈ పనిలో ఒక్క చుక్క కూడా కనిపించదు. కోడ్ ఎవరిదో, ఎక్కడిదో ఒక్కొక్క ఫైల్ తెరిచి చూసుకునే విసుగు పని అది.

2025 అక్టోబరు తగవును ఈ వెలుగులో చూడాలి. జీజెడ్‌డూమ్ ప్రధాన నిర్వాహకుడు చాట్‌జీపీటీ ఇచ్చిన కోడ్‌ను ప్రాజెక్టులోకి చేర్చాడు. అది లైనక్స్‌లో డార్క్ మోడ్ ఉందా లేదా అని కనిపెట్టే చిన్న పని. అది చూసిన తోటివాళ్లు లేవనెత్తిన అభ్యంతరాల్లో ముఖ్యమైనది లైసెన్సుది. యంత్రం తాను చదివిన ఏ కోడ్ నుంచి ఆ వరుసలు తెచ్చిందో ఎవరికీ తెలియదు; తెలియని దాన్ని జీపీఎల్ కింద ఇస్తున్నామని సంతకం పెట్టేది ఎలా? జీపీఎల్ బలమంతా కాపీరైటు మీద ఆధారపడింది. మనిషి రచన లేకుండా యంత్రం మాత్రమే పుట్టించిన దానికి కాపీరైటు వర్తించదని అమెరికా కాపీరైటు కార్యాలయం 2025 జనవరి నివేదికలో చెప్పింది. ఆ దృష్టితో చూస్తే అలాంటి ముక్క పరాయిదైనా కావచ్చు, ఎవరిదీ కాకపోవచ్చు. లింకు మాత్రం ఉండదు. దీనితో పాటు, ఒక్కడి మాటే చెల్లే పద్ధతి మీద ముందు నుంచీ ఉన్న అసంతృప్తి కూడా ఆ రోజుల్లోనే బయటపడింది. నచ్చకపోతే ఫోర్క్ చేసుకోవచ్చన్న (అదే కోడ్‌తో వేరు పడవచ్చన్న) మాట నిర్వాహకుడి వైపు నుంచే వచ్చింది. వాళ్లు అదే చేశారు.

నిర్వాహకుడి వాదన కూడా ఉంది. చేర్చింది కొన్ని వరుసలే, అదీ ఆట గుండెకాయకు సంబంధం లేని చోట. ఇరవై ఏళ్లు ఆ ఇంజన్‌ను మోసినవాడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలని అనేవాళ్లూ ఉన్నారు. మన దేశపు చట్టం అమెరికా దారిలో లేదన్నదీ నిజం: 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, కంప్యూటర్ పుట్టించిన రచనకు దాన్ని పుట్టించేలా చేసిన వ్యక్తే కర్త. అయితే ఆ నిబంధన కర్త ఎవరో చెబుతుంది గానీ, యంత్రం ఎవరి పెరట్లోంచి ఆ మొక్క పెరుక్కొచ్చిందో చెప్పదు. అభ్యంతరం ఆ రెండో దాని మీద.

ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇంతే. ఇంజన్ ఏదైనా జీపీఎల్‌దే కనుక, ప్రాజెక్టుతో పాటు ఇంజన్‌నూ పంచితే ఆ ఇంజన్ కోడ్‌ను కూడా ఇవ్వాలి. సొంతంగా గీసిన వ్యాడ్ మాత్రం అతనిదే. అతను నా ఎదుటే వ్యాడ్‌ను యూజెడ్‌డూమ్‌లో తెరిచాడు. గోపురం ఒక్క గీత కూడా చెదరకుండా లేచింది, రెండో అంతస్తు కిటికీలోంచి పెన్న లోయ కనిపించింది. ఆ తరువాత ఒక నోట్‌ప్యాడ్ తెరిచి, గోడలకు అతికించిన రాతి బొమ్మలు ఒక్కొక్కటీ ఎక్కడివో రాయడం మొదలుపెట్టాడు. చాలావరకు గండికోటలో తన ఫోన్‌తో తీసినవే. ధాన్యాగారం గోడకు వాడిన బొమ్మ ఎక్కడి నుంచి దించుకున్నాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. దాన్ని తీసేశాడు. ఆట మొదలుపెడితే ఆ గోడ ఇప్పుడు ఖాళీగా ఉంది, ఆదివారం జమ్మలమడుగు బస్సెక్కి పోయి కొత్త ఫొటో తీసుకొస్తానన్నాడు.