సగంలో ఆగిన చదువుకి ఫీజు ఎవరు కట్టాలి?

ఆదివారం పొద్దున ప్రభుత్వ డిగ్రీ కాలేజీ గేటు తీసి ఉందంటే లోపల ఓపెన్ డిగ్రీ క్లాసులు జరుగుతున్నాయని అర్థం. వారమంతా రెగ్యులర్ పిల్లలు కూర్చునే బెంచీల మీద ఆ రోజు వేరే మనుషులు కనిపిస్తారు. నైట్ డ్యూటీ దిగి యూనిఫాం మార్చుకోకుండానే వచ్చిన సెక్యూరిటీ గార్డు, చంటిపిల్లని అమ్మకి అప్పజెప్పి వచ్చిన ఆశా కార్యకర్త, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్న డెలివరీ కుర్రాడు. పన్నెండేళ్ల కిందట ఆ వెనక బెంచీలో నేనూ కూర్చున్నాను. బీటెక్ రెండో ఏడాదిలో వదిలేసి, మందుల ఏజెన్సీలో బిల్లులు కొడుతూ బి.ఏ. కట్టాను.

మొదటి రోజు మేమంతా ఒకరినొకరం అడుక్కున్నది ఒకటే మాట: "మనకి స్కాలర్‌షిప్ ఏమన్నా వస్తదా?" సాయంత్రం నెట్ సెంటర్‌కి పోయి అడిగితే అక్కడి కుర్రాడు స్క్రీన్ నుంచి తల తిప్పకుండానే "డిస్టెన్స్‌కి రాదన్నా" అన్నాడు. ఎందుకు రాదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ 'ఎందుకు' వెనక చాలా పెద్ద కథ ఉందని తర్వాత మెల్లగా తెలిసింది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ "ఫలానా ఆయన ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా బి.ఏ. కట్టాడు" అంటారు. 'కట్టడం' అనే మాటలోనే అసలు సంగతంతా ఉంది. యూనివర్సిటీ పాఠం చెప్పేది కాదు. ఫీజు కడితే పరీక్ష రాయనిచ్చేది, అంతే. టీచర్లు, గుమస్తాలు, పోస్టల్ ఉద్యోగులు గైడ్లు కొనుక్కుని రాత్రిళ్లు చదువుకుని పాసయ్యేవాళ్లు. 1962లో ఢిల్లీ యూనివర్సిటీ కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. పదేళ్లకి, 1972లో, ఆంధ్రా యూనివర్సిటీ విశాఖపట్నంలో అలాంటి విభాగమే తెరిచింది. ఉస్మానియా, కాకతీయ, వెంకటేశ్వర యూనివర్సిటీలూ అదే దారి పట్టాయి. పాఠాలు పోస్టులో వచ్చేవి, సెలవుల్లో కొన్నాళ్లు కాంటాక్ట్ క్లాసులు పెట్టేవాళ్లు.

డబ్బు విషయంలో మాత్రం పాత పద్ధతే నడిచింది. రెగ్యులర్ డిపార్ట్‌మెంట్లకి ప్రభుత్వ గ్రాంటు ఉండేది. కరస్పాండెన్స్ విభాగం మాత్రం తన విద్యార్థుల ఫీజుల మీదే బతకాలి. బతకడమే కాదు, చాలాచోట్ల యూనివర్సిటీకి నాలుగు డబ్బులు మిగిల్చేది కూడా ఆ విభాగమే. అంటే పగలంతా పని చేసుకుని రాత్రి చదువుకునేవాడు తన ఖర్చు తను పెట్టుకుంటూ, పగలు చదువుకునే వాళ్ల యూనివర్సిటీకి కూడా ఆసరా అయ్యాడు. అప్పట్లో ఇది అన్యాయమని ఎవరూ అనుకోలేదు. ఉద్యోగం ఉన్నవాడే కదా, కట్టుకోగలడు అనుకున్నారు. ఆ లెక్క ఇప్పటికీ మన పథకాల అడుగున అలాగే ఉంది.

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది. దేశంలో అదే మొదటిది. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లో జరిగిన పని అది. దాన్ని నిలబెట్టింది ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. అంతకుముందు ఉస్మానియాకి వైస్ చాన్సలర్‌గా చేసిన ఆయన, బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ నమూనాని దగ్గరగా చూసి మన పరిస్థితికి తగ్గట్టు మలిచారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, పెడితే దానికీ ఆయనే మొదటి వైస్ చాన్సలర్. హైదరాబాద్‌లోని ఓపెన్ యూనివర్సిటీకి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఆ యూనివర్సిటీ చేసిన గొప్ప పని ఒకటుంది. పద్దెనిమిదేళ్లు నిండి, చేతిలో ఏ సర్టిఫికెట్ లేకపోయినా, అర్హత పరీక్ష పాసైతే డిగ్రీలో చేర్చుకుంది. బడి మానేసి పొలానికో కార్ఖానాకో పోయినవాళ్లు అలా నేరుగా డిగ్రీ చదివారు. మా ఊళ్లో ఐదో తరగతి దాటని ఒక బీడీల కమీషన్ ఏజెంట్ ఆ దారినే బి.ఏ. పూర్తి చేసి, తర్వాత బీఈడీ చేసి టీచరయ్యాడు. ఈ యూనివర్సిటీ మీద నాకున్న గౌరవం పుస్తకాల్లో చదివి వచ్చింది కాదు.

చదువు ఆగినవాళ్ల కోసం రాష్ట్రం ఏకంగా ఒక యూనివర్సిటీ కట్టింది సరే. ఫీజుల డబ్బు మాత్రం వేరే కాలవలో పారింది, ఆ కాలవ ఈ పొలం వైపు సరిగ్గా తిరగనే లేదు.

ఆ కాలవ 1944 నాటిది. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న రోజుల్లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, అంటే పదో తరగతి దాటిన చదువులకి ఇచ్చేది, మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత కొనసాగింది, గిరిజనులకీ వెనకబడిన తరగతులకీ విస్తరించింది. ఎస్సీల స్కాలర్‌షిప్ కేంద్ర నిబంధనల్లో కరస్పాండెన్స్ విద్యార్థి పూర్తిగా బయట లేడు. 2010లో సవరించిన నిబంధనల ప్రకారం అతనికి కాలేజీ వెనక్కివ్వని ఫీజులూ, పుస్తకాలకి ఏడాదికి 1,200 రూపాయలూ ఇవ్వాల్సి ఉండేది. అయితే ఈ సంగతి స్టడీ సెంటర్‌లో ఎవరికీ తెలియదు. మాతో చదివిన ఎస్సీ కుర్రాళ్లు ముగ్గురూ జేబులోంచే కట్టుకున్నారు.

అవే నిబంధనల్లో ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి, ఒక స్థాయి చదువు పూర్తి చేసి మళ్లీ అదే స్థాయిలో ఇంకో చదువు చదివితే స్కాలర్‌షిప్ రాదు. బీకాం అయ్యాక బి.ఏ. చదివితే ఇవ్వరన్నమాట. ఇందులో న్యాయముంది. రెండోది, ఏడాది మధ్యలో చదువు మానేస్తే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టమని రాష్ట్రం అడగొచ్చు. మానేయడం వెనక తండ్రి జబ్బుందా, పెళ్లుందా, ఇంగ్లిష్ మీడియం అర్థంకాక పోగైన పదకొండు బ్యాక్‌లాగ్‌లున్నాయా అని ఆ వాక్యం అడగదు.

2008-09లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బీసీలకి పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చింది, ఆ మరుసటి ఏడాది పేద అగ్రవర్ణాలకి. ఈ పథకం ఎన్ని ఇళ్ల తలరాత మార్చిందో తెలుగునాట చెప్పనక్కర్లేదు. నేను బీటెక్‌లో చేరగలిగిందీ దానివల్లే. కానీ దాని కట్టుబాటు చూడండి. డబ్బు కాలేజీకి పోతుంది, విద్యార్థి క్లాసులో కూర్చున్నాడనడానికి 75 శాతం హాజరు చూపించాలి, తర్వాత తర్వాత వేలిముద్ర కూడా వేయాలి. దొంగ అడ్మిషన్లు ఆపడానికి ఆ కట్టుదిట్టం అవసరమే. కానీ రోజూ క్లాసుకి రాలేనివాడి కోసం పెట్టిన చదువుని హాజరుతో కొలిస్తే సున్నా తప్ప ఏం వస్తుంది? దూరవిద్యని పథకం నుంచి తీసేశారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అదే కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జగనన్న విద్యా దీవెన వచ్చి, తర్వాత డబ్బు తల్లి ఖాతాలో వేసే పద్ధతి తెచ్చినా, కరస్పాండెన్స్, దూరవిద్య చదువులకి వర్తించదన్న షరతు అలాగే ఉండిపోయింది. ప్రభుత్వాలు మారాయి, పథకం పేర్లు మారాయి, ఈ ఒక్క గీత మాత్రం ఏళ్ల తరబడి చెరగలేదు.

మధ్యలో మానేసినవాడికి ఇది చాలదన్నట్టు ఇంకో రెండు దెబ్బలున్నాయి.

మొదటిది ఒరిజినల్స్. నేను బీటెక్ మానేస్తున్నానని చెప్పిన రోజు కాలేజీ ఆఫీసులో నా పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ ఒక గోధుమరంగు కవర్లో, బీరువా కింది అరలో ఉన్నాయి. కవరు మీద నా హాల్‌టికెట్ నంబర్ ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. గుమస్తా దాన్ని బయటికి తీసి, బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి పెట్టి "మిగతా రెండేళ్ల ఫీజు కట్టి తీస్కపో" అన్నాడు. మా అమ్మ కమ్మలు తాకట్టు పెడితే వచ్చిన డబ్బుకి ఆయన ఒప్పుకోలేదు. ఆ కవర్ ఇంటికి రావడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఏ యూనివర్సిటీలోనూ చేరలేకపోయాను.

2018 అక్టోబర్‌లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, అంటే యూజీసీ, దీని మీద గట్టిగానే నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ సంస్థా దగ్గర పెట్టుకోకూడదు, కోర్సు మొత్తానికి ముందే ఫీజు వసూలు చేయకూడదు అని. ఫీజు వాపసుకి మాత్రం గడువు చాలా చిన్నది. అడ్మిషన్ల ఆఖరు తేదీ దాటి నెల తిరిగితే ఒక్క రూపాయి రాదు. రెండో ఏడాదిలో మానేసేవాడికి దాంతో పనే లేదు. కానీ సర్టిఫికెట్ల నిబంధన ఉంది చూశారా, అది ప్రతి విద్యార్థీ జేబులో పెట్టుకు తిరగాల్సినది. ఇప్పటికీ బీరువాల్లో గోధుమరంగు కవర్లు ఉన్నాయని నాకు తెలుసు.

రెండో దెబ్బ బ్యాంకు. 2001లో బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా విద్యా రుణ పథకం ప్రధానంగా రెగ్యులర్ కోర్సుల కోసమే. 2009లో కేంద్రం వడ్డీ రాయితీ తెచ్చింది, ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి చదువు నడిచినంత కాలం వడ్డీ తనే కడతానంది. చదువు మధ్యలో మానేస్తే ఆ రాయితీ పోతుంది, అనారోగ్యం వల్ల మానేస్తే తప్ప. ఇదెంత క్రూరంగా పనిచేస్తుందంటే, డిగ్రీ చేతికొచ్చిన పిల్లాడికి వడ్డీ మాఫీ, డిగ్రీ రాని పిల్లాడికి వడ్డీ సహా అప్పు. పాత అప్పు మొండిబాకీ అయితే మళ్లీ చదవడానికి కొత్త అప్పు పుట్టదు.

రాంరెడ్డి నమూనాగా తీసుకున్న బ్రిటన్‌లో కూడా ఈ గొడవ జరిగింది. అక్కడ ఓపెన్ యూనివర్సిటీకి 1969లో చార్టర్ వచ్చింది, 1971లో చదువులు మొదలయ్యాయి. 1962 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ గ్రాంటు ఫుల్‌టైమ్ విద్యార్థులకే హక్కు. పార్ట్‌టైమ్ వాళ్లకి ఆ హక్కు లేదు. ఆ చట్టం వచ్చిన నలభై అయిదేళ్లకి, 2007లో, ఇప్పటికే డిగ్రీ ఉండి మళ్లీ అదే స్థాయిలో చదివేవాళ్లకి యూనివర్సిటీలకిచ్చే నిధులు ఆపుతామని ప్రకటించారు. దాని దెబ్బ ఓపెన్ యూనివర్సిటీ మీద బాగా పడింది. 2012లో ఇంగ్లండ్‌లో ఫీజులు ఒక్కసారిగా పెంచి, పార్ట్‌టైమ్ విద్యార్థులకి మొదటిసారి ఫీజు రుణాలు తెచ్చారు. అప్పు చేయడానికి పెద్ద వయసువాళ్లు జంకారు, పార్ట్‌టైమ్ విద్యార్థుల సంఖ్య బాగా పడిపోయింది. అదేమీ మనం కళ్లకద్దుకోవాల్సిన దారి కాదు.

అయినా అక్కడి నిబంధనల్లో ఒక ఆలోచన నన్ను ఆపేసింది. డిగ్రీ పూర్తి చేసినవాడినీ, మధ్యలో మానేసినవాడినీ వాళ్లు ఒకే గాటన కట్టలేదు. ఫుల్‌టైమ్ విద్యార్థికి కోర్సు ఎన్నేళ్లో అన్నేళ్లకి ఇంకో ఏడాది కలిపి, అందులోంచి ముందు చదివిన ఏళ్లు తీసేసి, మిగిలినన్ని ఏళ్లకి ఫీజు రుణం ఇస్తారు. అంటే ఒకసారి తప్పటడుగు పడుతుందని ముందే లెక్కలో వేశారు. 2027 జనవరి నుంచి నాలుగేళ్ల చదువుకి సరిపడా రుణ హక్కుని అరవై ఏళ్ల వయసు లోపు ఎప్పుడైనా ముక్కలు ముక్కలుగా వాడుకునే పద్ధతి మొదలుపెడతామని ప్రకటించారు.

మన దగ్గర మార్కుల వైపు అలాంటి ఆలోచనే వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా అంది. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టి, పాసైన సబ్జెక్టులకి సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ల దాకా నిల్వ ఉంటాయన్నారు. 2022లో గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ మళ్లీ స్పష్టం చేసింది. డిగ్రీ సమానమని ఒప్పుకున్నాక ఆ డిగ్రీ చదివేవాడి ఫీజు ఎందుకు సమానం కాదో ఏ పథకమూ చెప్పలేదు. రీయింబర్స్‌మెంట్ కింద రెండేళ్లు మాత్రమే వాడుకుని మానేసినవాడి పేరు మీద ఇంకా ఖర్చుపెట్టని రెండేళ్లున్నాయి. ఆ మిగిలినదాంట్లో ఓపెన్ డిగ్రీ ఫీజు పోను ప్రభుత్వానికి ఇంకా మిగులే, ఎందుకంటే ఒక్క ఏడాది ఇంజినీరింగ్ ఫీజుతో మూడేళ్ల ఓపెన్ డిగ్రీ సులువుగా పూర్తవుతుంది.

"ఫీజు తక్కువే కదా, కట్టుకోలేరా" అని అడిగేవాళ్లున్నారు. ఇగ్నో కొన్ని కోర్సుల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి ఫీజు మినహాయింపు ఇస్తోంది. జైళ్లలో ఉన్నవాళ్లకీ ట్రాన్స్‌జెండర్లకీ ఉచితంగా చెప్పే పద్ధతీ పెట్టింది. ఇవి మంచి పనులు, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి చెప్పాలి. కానీ తక్కువ ఫీజు అన్నది నెల జీతం వచ్చేవాడి లెక్క. రోజు కూలీ మీద బతికేవాడికి ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు, బస్సు చార్జీ, క్లాసుకి వచ్చినందుకు పోయిన కూలీ అన్నీ ఒకే జేబులోంచి పోతాయి.

పోయిన నెల పాత స్టడీ సెంటర్‌కి వెళ్లాను. వెనక బెంచీలో హెల్మెట్ పట్టుకుని కూర్చున్న ఆ డెలివరీ కుర్రాడితో మాట్లాడింది అప్పుడే. బీటెక్ మూడో సెమిస్టర్‌లో మానేశాడు, ఇప్పుడు బీకాం మొదటి ఏడాది. ఫోన్ తీసి యాప్‌లో వారం సంపాదన చూపించాడు. మిగతా రోజులన్నీ దాదాపు ఒకే ఎత్తున్న గీతలు, ఆదివారం గీత మాత్రం వాటికి రెట్టింపు పొడవుంది. ఆదివారం మధ్యాహ్నం, రాత్రి ఆర్డర్లు ఎక్కువ, ఇన్సెంటివ్ కూడా ఆ రోజే. క్లాసులు మొదలైన వారం గీత చూపించి, "ఇది చూడన్నా" అన్నాడు. ఆదివారం గీత మిగతావాటికంటే పొట్టిగా ఉంది. రెండు గంటల క్లాసు అవగానే హెల్మెట్ పెట్టుకుని, సార్ హాజరు తీసుకోవడం పూర్తికాకముందే గేటు దాటిపోయాడు.