కింది ఆకు పసుపెక్కితేనే ఎప్సమ్

హనుమకొండ నుంచి ఒకరు అడిగారు: మిద్దెతోటలో టమాటలు అడుగున నల్లగా కుళ్లిపోతున్నాయి, వీడియోల్లో ఎప్సమ్ సాల్ట్ పోయమంటున్నారు, పోయొచ్చా అని. వద్దండీ. అది కాయకి కాల్షియం అందక వచ్చే కుళ్లు, ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తే కుండీల్లోనే ఎక్కువ. పైగా ఎప్సమ్‌లోని మెగ్నీషియం వేరు దగ్గర కాల్షియంతోనే పోటీకి దిగుతుంది. నీళ్లు రోజూ ఒకే తీరుగా పోయండి, చాలు.

మరి ఎప్సమ్ దేనికి? మోకాళ్ల నొప్పికి వేడినీళ్లలో వేసుకునే ఆ తెల్ల పలుకులే విత్తనాల దుకాణంలో మెగ్నీషియం సల్ఫేట్ పేరుతో దొరుకుతాయి. కిలో కొంటే సగానికి పైగా నీళ్లే అంటే నమ్మరు గానీ నిజం, ఒక్కో అణువుతో ఏడు నీటి అణువులు అంటుకుని వస్తాయి. ఆ కిలోలో మెగ్నీషియం వంద గ్రాముల కంటే కొంచెం తక్కువే, గంధకం 130 గ్రాములు.

పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుందని బడిలో ఒక మార్కు బిట్ కోసం బట్టీ పట్టిస్తారు, అది ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి మారుతుందని మొక్క దగ్గర నిలబెట్టి ఎవరూ చూపించరు. కొరత వచ్చినప్పుడు మొక్క, పాత నగలు కరిగించి కొత్త కోడలికి చేయించినట్టు, కింది ముదురాకుల్లోని పత్రహరితాన్ని విడగొట్టి, నాలుగు నైట్రోజన్ల మధ్య బిగించి ఉన్న మెగ్నీషియాన్ని ఊడదీసి చిగురుకి పంపుతుంది. ఒంటి మీద కనబడే నగ మాత్రమే అది, ఆకులోని మొత్తం మెగ్నీషియంలో దాదాపు ఐదో వంతే. మిగతా ఆస్తి చాలావరకు ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ, ఎంజైముల దగ్గర ఉంటుంది. ఇనుముకీ కాల్షియానికీ ఈ కరిగించడం కుదరదు, ఒక ఆకులో చేరితే దాదాపు అక్కడే.

కాబట్టి కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్యభాగం పసుపెక్కితే మెగ్నీషియం. అదే పసుపు చిగురులో కనబడితే చాలాసార్లు ఇనుము, సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో మామూలే, ఎప్సమ్ ఎంత పోసినా మారదు. ఈనెలతో సహా కింది ఆకంతా పాలిపోతే ముందు నత్రజని చూడండి.

నాకు అన్నిటికంటే నచ్చేది చక్కెర సంగతి. ఆకు తయారుచేసిన చక్కెరని నాళాల్లోకి ఎక్కించడానికి ఏటీపీ కావాలి, అది మెగ్నీషియంతో జట్టుకడితేనే పనిచేస్తుంది. అందుకే మెగ్నీషియం తగ్గితే, ఆకు ఇంకా పచ్చగా ఉండగానే చక్కెర అందులో పేరుకుపోతుంది, వేర్లు పస్తులుంటాయి. వాడుకోలేక మిగిలిన వెలుతురు శక్తి ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి పత్రహరితాన్నే పాడుచేస్తుంది. చిక్కుడు ఆకు మీద ఇంకో ఆకు నీడ పడుతుంటే, నీడలో ఉన్నంత మేర పచ్చగానే ఉండి, ఎండ తగిలినంత మేర పసుపెక్కడం చూడొచ్చు. మన వరంగల్ పత్తి చేలల్లో ఆకు ఎర్రబడటానికి కూడా మెగ్నీషియం కొరత ఒక కారణం, నత్రజని తగ్గినా చలి రాత్రులు వచ్చినా ఎర్రబడుతుంది, అది వేరే సంగతి. రైతులు లీటరు నీళ్లకి 10 గ్రాముల ఎప్సమ్ కలిపి కొడతారు. కుండీ మొక్కలకి 5 గ్రాములు, అంటే ఒక చెంచా, ఎండ దిగాక ఆకుల మీద కొడితే సరిపోతుంది.

దిష్టి తగిలిందని మొక్కకి నిమ్మకాయ కడితే నష్టమేం లేదు. దిష్టి తీసిన దొడ్డుప్పు మాత్రం కుండీలో పారేయకండి, అది సోడియం క్లోరైడ్, మట్టి తడిగా ఉన్నా వేరుకి నీళ్లు అందనివ్వదు.

ఇసుక పాలు ఎక్కువున్న చల్క నేలల్లో, రోజూ నీళ్లు కారిపోయే కుండీల్లో మెగ్నీషియం కొట్టుకుపోతుంది, అక్కడ ఎప్సమ్‌కి పని ఉంటుంది. కానీ బకెట్‌కి తెల్లగా చారలు కట్టే బోరు నీళ్లు పోస్తుంటే ఒక లెక్క చూసుకోండి: తాగునీటి ప్రమాణాల్లో మెగ్నీషియానికి మామూలు పరిమితి లీటరుకి 30 మిల్లీగ్రాములు, అంతున్న నీళ్లు పది లీటర్లు పోస్తే మూడు గ్రాముల ఎప్సమ్ పోసినట్టే.