గ్యాడ్జెట్ జియోక్యాష్‌ల తయారీ: అపోహలు, వాస్తవాలు

ఒకరు ఒక డబ్బాను ఎక్కడో అమర్చి దాని అక్షాంశ రేఖాంశాలను ఈ ఆట వెబ్‌సైట్లో ప్రకటిస్తే, మరొకరు జీపీఎస్ సాయంతో అక్కడికి చేరి, డబ్బాను కనిపెట్టి, లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే ఉంచి రావడాన్ని జియోక్యాషింగ్ అంటారు. క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు, ఆ డబ్బాయే. ఆ డబ్బా కంటికి కనిపించినా వెంటనే తెరుచుకోకుండా, ఏదో ఒక చిన్న యంత్రాన్ని అర్థం చేసుకుంటే తప్ప పుస్తకం చేతికి రాకుండా తయారు చేస్తే, దాన్ని ఈ ఆటలో గ్యాడ్జెట్ క్యాష్ అని పిలుస్తారు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఈ ఆట ఆడేవారు చాలా తక్కువ, తయారు చేసేవారు ఇంకా తక్కువ. అందువల్ల కొత్తగా మొదలుపెట్టేవారు విదేశీ వీడియోలు చూసి ఏర్పరచుకున్న అభిప్రాయాలు కొన్ని, మన ఊళ్ల పరిస్థితుల వల్ల పుట్టిన అనుమానాలు కొన్ని, రెండూ కలిసి మంచి పెట్టెలను చెడగొడుతున్నాయి.

అపోహ: గుట్టల మీద రాళ్ల మధ్య డబ్బాలు వెతకడమంటే గుప్తనిధుల వ్యవహారమే.

వాస్తవం: ఈ అనుమానాన్ని నవ్వి వదిలేయడానికి వీల్లేదు. పాత కోటలు, శిథిలాలయాలు ఉన్న మన పల్లెల్లో గుప్తనిధుల పేరుతో తవ్వేవారిని ఊరివాళ్లు పట్టుకుని పోలీసులకు అప్పగించడం అందరూ విన్నదే. ఫోన్ చేతిలో పట్టుకుని బండల సందుల్లోకి తొంగిచూసే అపరిచితుణ్ణి చూసి గొర్ల కాపరికి అదే గుర్తుకు రావడం సహజం. నిజానికి ఈ ఆటకూ తవ్వకానికీ సంబంధమే లేదు. స్థలం యజమాని స్పష్టంగా అనుమతిస్తే తప్ప క్యాష్ కోసం గుంత తీయకూడదన్నది ఈ ఆట నియమం. లోపల ఉండేది కాగితం, పెన్సిలు, మహా అయితే పిల్లలు మార్చుకునే చిన్న బొమ్మలు. (నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది, మన డబ్బాల్లోని సరుకు ఆ పది రూపాయల గీత దాటడం కూడా కష్టమే.) అయినా అనుమానం తొలగించవలసిన బాధ్యత తయారీదారుదే. స్థలం యజమాని అనుమతి తీసుకోవడంతో సరిపెట్టకుండా, పక్క చేనువారికీ, దగ్గరలోని చాయ్ హోటల్ వారికీ విషయం చెప్పి ఉంచాలి. పెట్టె మీద ఇది ఆట కోసం పెట్టిన డబ్బా అని తెలుగులోనూ, ఉర్దూలోనూ, ఇంగ్లీషులోనూ రాసి అతికించాలి.

అపోహ: ఎంత బాగా దాస్తే అంత గొప్ప గ్యాడ్జెట్.

వాస్తవం: గ్యాడ్జెట్ క్యాష్‌ను దాచవలసిన అవసరమే లేదు, జీపీఎస్ చూపే చోటులోనే ఎలాగూ కొంత తేడా ఉంటుంది. ఈ ఆట పుట్టిందే ఉపగ్రహ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపిన దోషాన్ని 2000 మే మొదటి వారంలో తొలగించినప్పుడు. అంతకు ముందు సామాన్యుల పరికరాల్లో వంద మీటర్ల వరకూ తేడా వచ్చేది. ఆ తేడా తగ్గిన మరునాడే, మే 3న, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో తొలి క్యాష్‌గా ఒక బకెట్టును పెట్టారు. ఇప్పుడు ఆరుబయట ఫోన్ దాదాపు ఐదు మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. కానీ మన గుట్టల మీది పెద్ద పెద్ద బండల మధ్య సంకేతం రాళ్లకు తగిలి మళ్లి వస్తుంది కాబట్టి అంకె అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతుల వరకూ రాస్తాం. ఆ చివరి అంకె ఒకటి మారితే నేల మీద రెండు మీటర్లకు కొంచెం తక్కువ తేడా వస్తుంది. అందుకే ఒకే పూట కాకుండా వేర్వేరు రోజుల్లో కొలిచి సగటు తీసుకోవడం మంచిది. అంత చేసినా మిగిలే తేడాను మీ పెట్టెలోని చిక్కుగా వాడుకోవద్దు. అరగంట పొదలు గాలించి విసిగిన మనిషికి మీరు కష్టపడి చేసిన యంత్రాన్ని చూసి ఆనందించే ఓపిక మిగలదు. పెట్టె ఎదురుగా కనిపించాలి, తెరవడమే ఆలోచింపజేయాలి.

అపోహ: గ్యాడ్జెట్ అంటే సర్క్యూటు, ప్రోగ్రాము ఉండి తీరాలి.

వాస్తవం: ఆరుబయట ఎక్కువ కాలం బతికేవి నీరు, బరువు, అయస్కాంతం, వెలుతురు వంటి వాటి మీద ఆధారపడిన పెట్టెలే. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పగలంతా నిలకడగా కనిపించే స్తంభపు నీడను చూసినవారికి, కదిలే భాగం ఒక్కటి లేకుండా కేవలం స్తంభాల అమరికతో, వెలుతురు వచ్చే దిశలతో ఎంత పని చేయించవచ్చో వేరే చెప్పనక్కర లేదు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది నీటి గొట్టం. నిలువుగా బిగించిన పైపుకు అడుగున సాల్వెంటుతో అతికించిన మూత, ఆ మూతకు కాస్త పైన వరుసగా నాలుగు రంధ్రాలు, లోపల తేలే ఒక చిన్న సీసా ఉంటాయి. కూల్‌డ్రింక్ సీసాగా ఊదక ముందు ఉండే ప్రీఫామ్ అనే మందపాటి ప్లాస్టిక్ గొట్టం, మర మూతతో సహా, ఈ సీసాకు చక్కగా పనికొస్తుంది. వచ్చినవారు ఒక చేతి వేళ్లతో రంధ్రాలు మూసి రెండో చేత్తో నీళ్లు పోస్తే సీసా పైకి తేలి వస్తుంది. పేరు రాసి మళ్లీ లోపల వేస్తే, వేళ్లు తీసిన కొద్ది క్షణాల్లో నీరంతా కారిపోయి సీసా అడుగుకు దిగిపోతుంది. పెట్టెను పూర్వస్థితికి తెచ్చే పని ఎవరికీ అప్పగించనక్కర లేకపోవడమే ఈ అమరికలోని అందం.

అయితే కొలత తప్పితే ఇదే పెట్టె నరకం చూపిస్తుంది. లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లు అయితే పైపు నిండడానికి దాదాపు 750 మిల్లీలీటర్లు చాలు. వేళ్ల సందుల్లోంచి కారిపోయేది పోయినా లీటరు సీసాతో పని జరుగుతుంది. అదే వ్యాసాన్ని 50 మిల్లీమీటర్లు చేస్తే 1,180 మిల్లీలీటర్ల వరకూ కావాలి, అంటే లీటరు సీసాతో వచ్చినవారు పైదాకా రాకుండా మధ్యలోనే ఆగిన సీసాను చూస్తూ నిలబడాలి. షాపులో చెప్పే పైపు సైజు బయటి వ్యాసమని మరవకండి. కొనే ముందు లోపల టేపు పెట్టి చూడండి. రంధ్రాలు ఆరు మిల్లీమీటర్ల కన్నా చిన్నవైతే మట్టితో పూడుకుపోతాయి, మరీ పెద్దవైతే పిల్లల వేళ్లకు ఆగవు. పైన మూత లేకపోతే కందిరీగలు లోపల మట్టిగూడు కడతాయి. ఇవన్నీ సరిచూసుకున్నా ఒక సంగతి మిగులుతుంది: మే నెలలో, నీళ్ల విలువ ఇంతగా తెలిసిన జిల్లాలో, తాగేనీళ్లు గొట్టంలో పొయ్యమని అడగడం నాకు సమ్మతం కాదు. బోరింగు పంపు ఉన్న చోట, యజమాని ఒప్పుకుంటేనే ఈ రకం పెట్టాలి.

అపోహ: ఎలక్ట్రానిక్ పెట్టెలో బ్యాటరీ లోపలే ఉండాలి.

వాస్తవం: ఆరుబయట మూసిన పెట్టెలో వదిలేసిన ఆల్కలైన్ బ్యాటరీ ఎండకు కారి, స్ప్రింగులనూ బోర్డునూ తినేస్తుంది. పెట్టెను నడిపే ఈఎస్‌పీ32 వంటి చిప్పు, పని లేనప్పుడు వెళ్లే గాఢ నిద్రలో మైక్రోఆంపియర్లలోనే కరెంటు తీసుకుంటుందన్నది నిజమే కానీ, అది కూర్చున్న బోర్డు మీది పవర్ లైటూ రెగ్యులేటరూ అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ లాగేస్తాయి. కాబట్టి పెట్టె బయట రెండు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ తలలు వదిలి, వచ్చేవారే తొమ్మిది వోల్టుల బ్యాటరీ తెచ్చుకోవాలని వివరణలో రాయడం ఉత్తమం. బ్యాటరీని తిప్పి పెట్టేవారు తప్పకుండా ఉంటారు. లోపల, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు నాలుగింటితో బ్రిడ్జి పెడితే ఎటు పెట్టినా పనిచేస్తుంది, సుమారు 1.4 వోల్టులు మాత్రం అక్కడ పోతాయి.

ఇక్కడే ఇంకో సలహా. ఆ చిన్న బ్యాటరీతో సర్వో అనే చిన్న మోటారును తిప్పి గొళ్లెం తీయించాలని చూడకండి. గొళ్లెం కాస్త బిగిసిందంటే మోటారు అడిగే కరెంటును అది ఇవ్వలేక, వోల్టేజి పడిపోయి చిప్పు మళ్లీ మొదటికి వస్తుంది; బయటి మనిషికి వినపడేది టిక్కు టిక్కుమనే శబ్దం ఒక్కటే. ఎలక్ట్రానిక్స్ చేత అంకె చెప్పించి, తలుపు తెరిచే పనిని నాలుగంకెల మామూలు తాళానికి వదిలేస్తే రెండూ వాటి వాటి పని సక్రమంగా చేస్తాయి.

అపోహ: ఎవరూ తెరవలేకపోతే తయారీదారు గెలిచినట్టే.

వాస్తవం: తెరుచుకోని పెట్టెకు, పాడైపోయిన పెట్టెకు బయటి నుంచి తేడా తెలియదు. తెలియనప్పుడు మనిషి చేసేది ఒక్కటే, బలం వాడతాడు. లాగడం, తట్టడం, స్క్రూడ్రైవరు దూర్చడం మొదలైతే మీ పెట్టె ఆ రోజుతో సరి. అందుకే పెట్టె తనంతట తానే దారి చూపాలి. కదిలించవలసిన భాగం చేతికి కదలాలి, కదిలించకూడని స్క్రూలు అసలు కనిపించకూడదు, సరైన పని చేసినప్పుడు ఒక శబ్దమో వెలుగో బదులివ్వాలి. "బలం అక్కర లేదు" అన్న ఒక్క వాక్యం మూత మీద రాస్తే ఎన్నో కీళ్లు బతుకుతాయి. కష్టాన్ని ఒకటి నుంచి ఐదు వరకూ, మధ్యలో అర పాయింట్లతో సూచించే పద్ధతి ఉంది; అలాగే నేల ఎంత కష్టమో చెప్పే అంకె వేరేగా ఉంది. మీరే చేసిన పెట్టె మీకెప్పుడూ తేలికగానే కనిపిస్తుంది గనుక, ఆ అంకె వేసే ముందు ఏమీ తెలియని వారి చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన నిలబడి చూడండి. ఈ పరీక్షకు ఇంటి పక్క పదేళ్ల పిల్లలను మించినవారు లేరని నా అభిప్రాయం. పెద్దలు మొహమాటానికి ఆగిపోతారు, పిల్లలు విరిచి చూపిస్తారు.

మరో చిక్కు, వచ్చినవారు పెట్టెను ముందున్నట్టు సర్దకుండా వెళ్లడం. అంకెల తాళాన్ని తెరిచిన అంకె మీదే వదిలేస్తే తర్వాతివారికి ఆట మిగలదు. సూచనలు రాసినా మరిచిపోతారు. అంకెలు చెరిపితే తప్ప తలుపు మూతపడని విధంగా అమర్చడమో, గోళీని చిక్కుదారిలో నడిపించే పెట్టె అయితే మూత వేసే కదలికతోనే గోళీ మళ్లీ దారి మొదటికి జారే విధంగా వాలు ఇవ్వడమో చేయాలి. తయారీలో సగం ఆలోచన తెరవడం మీద, సగం ఆలోచన మూయడం మీద పెట్టాలి.

అపోహ: త్రీడీ ప్రింటర్ ఉంటే చాలు.

వాస్తవం: సాధారణంగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ అరవై డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నీడలోనే 44, 45 డిగ్రీలు తాకే వేసవిలో, ముదురు రంగు వేసిన మూసిన పెట్టె లోపల ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. గేరు పళ్లు వంగిన పెట్టెను వానాకాలంలో ఎంత నూనె వేసినా తిప్పలేరు. వేడికి ఇంకా బాగా తట్టుకునే ప్లాస్టిక్కులు, కనీసం పీఈటీజీ, కుదిరితే ఏఎస్ఏ వాడాలి, పెట్టెకు లేత రంగు వేయాలి. చెక్క పీచు అదిమి చేసిన ఎండీఎఫ్ పలక మొదటి వానకే ఉబ్బుతుంది. మెరైన్ ప్లైవుడ్ అంచులకు వార్నిషు వేసి, చెదలు అందుకోకుండా నేలకు ఎత్తుగా బిగించాలి. అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే సిరాతో రాసిన సూచన ఎండ తగిలే చోట వెలిసిపోతుంది కాబట్టి చీకటి గూడు లోపల రాయాలి. పుస్తకానికి పెన్ను కన్నా పెన్సిలు మేలు.

అపోహ: పాత కోటలు, డ్యాములు, అడవులే మంచి స్థలాలు.

వాస్తవం: సంరక్షిత కట్టడానికి మేకు కొట్టడం, రంగు పూయడం నేరం. నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ పెట్టరాదు. నాగార్జునసాగర్, జూరాల వంటి ప్రాజెక్టుల కట్టల మీద తీగలున్న పెట్టె కనబడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. రెండు వైపులా మూతలు వేసిన నల్ల పైపు, బయటికి వేలాడే వైర్లు, టిక్కుమనే శబ్దం ఎక్కడైనా సరే భయపెడతాయి. రైల్వే స్టేషన్లకు, బస్టాండ్లకు, బడులకు, గుళ్లకు దూరంగా ఉండండి. లోపలి భాగాలు కనిపించేలా ఒక వైపు అక్రిలిక్ పలక బిగిస్తే సగం భయం పోతుంది, యంత్రం పనిచేయడం చూసే సరదా అదనం. తోటలు, నర్సరీలు, తెలిసినవారి ఫామ్‌హౌసుల ప్రహరీలు, గ్రంథాలయ ఆవరణలు అనుమతి దొరికితే అన్నింటికన్నా అనుకూలం. ఇంకొకరి క్యాష్‌కు 161 మీటర్ల లోపు పెట్టరాదన్న నియమం మన దగ్గర ఇంకా ఎవరికీ అడ్డు రావడం లేదు.

అపోహ: క్యాష్ ఒకసారి వెబ్‌సైట్లో ప్రచురితమైతే పని ముగిసినట్టే.

వాస్తవం: ప్రచురణకు ముందు స్వచ్ఛంద సమీక్షకులు నియమాలు చూస్తారు తప్ప మీ కీలుకు నూనె వేయరు. కోతులు తిరిగే చోట మెరిసే భాగాలేవీ నెల తిరగవు. అందువల్ల వారాంతంలో బండి మీద వెళ్లిరాగల దూరంలోనే పెట్టాలి. సెలవులకు వెళ్లిన ఊళ్లో పెట్టి వచ్చేయడం నియమాలకు కూడా విరుద్ధం. ప్రతి కదిలే భాగానికీ ఒక జత అదనంగా చేసి ఉంచుకోండి, స్క్రూలన్నీ ఒకే సైజువి వాడండి, మీకు మాత్రమే తెలిసిన వెనుక తలుపు ఒకటి వదలండి. తీరిక లేని రోజు వస్తే క్యాష్‌ను నిలిపివేసినట్టు ప్రకటించి, పెట్టెతో పాటు దాన్ని కట్టిన తీగనూ, కొట్టిన స్క్రూలనూ తీసుకువచ్చి, స్థలం ఇచ్చిన వారికి ఆ సంగతి చెప్పండి.